కారు మీద పిల్లులు: నవంబరు నుంచి మార్చి దాకా మా అనుభవం

మేం కారు కొన్నది 2024 దసరాకి. ముదురు నీలం రంగు. తెల్ల కారు మీద వంగి చూస్తే తప్ప కనబడని గీత, ఈ రంగు మీద ట్యూబులైటు వెలుతురులో దూరం నుంచే కనబడిపోతుంది. మాది హైదరాబాద్ నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, కింద స్టిల్ట్ పార్కింగ్. మా స్లాట్ మెట్ల పక్కన మూలలో ఉంటుంది, రెండు వైపులా గోడ. ఎండ పడదు, వాన పడదు, చలిగాలి కూడా తగలదు.

దీపావళి వెళ్లి చలి మొదలయ్యాక, నవంబరు రెండో వారంలో ఒకరోజు పొద్దున బానెట్ మీద మట్టి పాదాల గుర్తులు చూశాను. బానెట్ మీంచి అద్దం మీదికి, అక్కణ్ణించి పైకప్పు మీదికి. తుడిస్తే పోతాయిలే అనుకున్నాం. 20వ తేదీన మాత్రం అద్దానికి కాస్త కింద, బానెట్ మీద నాలుగు గీతలు పక్కపక్కనే తేలాయి. గోటితో అడ్డంగా రాస్తే రెండు గీతల దగ్గర గోరు ఆగుతోంది. ఇంకా మొదటి ఈఎంఐలలోనే ఉన్నాం. పైకొచ్చి అత్తయ్యకి చెబుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. వస్తువు కోసం ఏడవడమేంటని అనిపించవచ్చు. ఏళ్ల తరబడి సెకండ్ షిఫ్ట్ చేసి, అర్ధరాత్రి స్కూటీ మీద ఒక్కదాన్నే ఇంటికొచ్చి, ఆ భయం పోవాలని కొనుక్కున్న బండి అది.

ఆ శనివారం డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన ముందు తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాడు. సగం గీతలు మాయమయ్యాయి, అవి దుమ్ములో పడ్డ జాడలే. గోరు ఆగని గీతలు పైపూత మీదే ఉంటాయి కాబట్టి రబ్బింగ్, పాలిష్‌తో పోతాయట, 1,200 రూపాయలు. గోరు ఆగినవి పోవు, బానెట్ మొత్తం పెయింట్ వెయ్యాల్సిందే, 4,500. మేం కారు కొన్న షోరూమ్ సర్వీస్ సెంటర్లో అడిగితే దాదాపు రెట్టింపు చెప్పారు. ఇన్సూరెన్స్‌లో పెడదామా అని మా ఆయన లెక్క వేశారు. మాది 1,500 సీసీ లోపు ఇంజిన్, ఏ క్లెయిమ్‌కైనా తప్పనిసరిగా 1,000 మనమే పెట్టుకోవాలి. పైగా మొదటి సంవత్సరం క్లెయిమ్ లేకపోతే వచ్చే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బయటే చేయించుకోవడం మేలని తేలింది. అయితే షెడ్డాయన ఒక మంచి మాట చెప్పాడు: "ముందు పిల్లుల సంగతి చూస్కోండి మేడం, తర్వాతనే రండి. ఇప్పుడు చేసిస్త, వచ్చే వారం మళ్ల గీకుతయి."

ఆయనే ఇంకోటి చెప్పాడు. కార్లు కడిగే అబ్బాయిలు పిల్లి తొక్కిన మట్టిని పొడిగుడ్డతో రుద్దేస్తారు, ఆ ఇసుకే గరుకు కాగితంలా పనిచేసి సన్న గీతలు పెడుతుంది. మా కారు కడిగే అబ్బాయికి నెలకి 600 ఇచ్చేవాళ్లం. ఇంకో వంద పెంచి, ముందు నీళ్లు కొట్టి తర్వాతే గుడ్డ పెట్టమన్నాం.

ఇక సీసీ కెమెరా. రికార్డు చూపించమంటే అసోసియేషన్ సెక్రటరీ గారు నాలుగు రోజులు తిప్పారు. చూశాక విషయం తేలిపోయింది. నేను ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. మొత్తం పార్కింగ్‌లో ఆఖరున వచ్చే బండి నాదే, అంటే ఆ వేళకి ఇంజిన్ వేడిగా ఉండేది నాదొక్కటే. నేను లిఫ్ట్ ఎక్కిన పది నిమిషాలకి మూడు రంగుల పిల్లి బానెట్ మీద చేరుతోంది. ఒక గంటకి నారింజ రంగు గండుపిల్లి వచ్చి దాన్ని తరుముతోంది. ఆ పెనుగులాటలో అద్దం మీంచి జారుతూ గోళ్లు దింపుతున్నాయి. ఊరికే పడుకున్న పిల్లి గీకలేదు. గీతలన్నీ చోటు కోసం కొట్టుకున్నప్పుడు పడ్డవే. నలుపు తెలుపు మచ్చలది ఇంకోటి ఉంది, చిన్నది, అది తెల్లవారుజామున పైకప్పు మీదికి వచ్చేది.

వాచ్‌మన్ అన్నని అడిగితే, "మీ బండే ఎందుకంటే మేడం, గీ మూలకి గాలి కొట్టది. పెద్దమ్మ బువ్వ పెట్టేది గూడ గీడనే" అన్నాడు. రెండో అంతస్తులో ఉండే పెద్దావిడ రోజూ రాత్రి మెట్ల కింద పాలు, చేపల అన్నం పెడతారు. అంటే తిండి, వెచ్చదనం, చాటు, మూడూ నా కారుకి రెండడుగుల దూరంలో ఉన్నాయి. ఈ మూడింటినీ అక్కడి నుంచి కదపకుండా ఎన్ని మందులు చల్లినా లాభం లేదని తెలియడానికి డిసెంబరు సగం గడిచింది.

ఆలోగా అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. బత్తాయి, నిమ్మ తొక్కలు బానెట్ చుట్టూ పెట్టాం. పచ్చిగా ఉన్నంతసేపు దూరంగా ఉన్నాయి, మర్నాటికి ఎండిపోగానే మళ్లీ ఎక్కాయి. కుక్కల కోసం గేట్ల ముందు పెడతారే, నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు, అవి నాలుగు చక్రాల దగ్గరా పెట్టాం. పిల్లులు వాటి పక్కనే కూర్చుని ఒళ్లు నాక్కున్నాయి. మనిషికి వినబడని శబ్దం చేసే మిషన్ ఆన్‌లైన్లో 1,400 పెట్టి తెప్పించాం. మొదటి మూడు రాత్రులు పనిచేసింది, తర్వాత అలవాటు పడిపోయాయి. రిటర్న్ గడువు ఏడు రోజులు కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది.

కారు కవర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మొదట అందరూ సలహా ఇచ్చేది అదే. 1,100 పెట్టి వెండి రంగు కవర్ కొన్నాం. అర్ధరాత్రి పదకొండున్నరకి ఆఫీసు నుంచి వచ్చి, వేడి ఇంజిన్ మీద ఒక్కదాన్నే కవర్ లాగాలి. లోపల దుమ్ము ఉంటే కవర్ లాగినప్పుడల్లా అదీ గీస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కవర్ వదులుగా ఉండటంతో మూడు రంగుల పిల్లి కింద నుంచి దూరి టైరు మీద, గుడారంలాంటి ఆ చీకట్లో పడుకోవడం మొదలుపెట్టింది. గండుపిల్లి వచ్చి కవర్ మీద మూత్రం కొట్టింది. ఆ వాసన కవర్‌కి పట్టి, రెండుసార్లు ఉతికినా వదల్లేదు.

రెండు సలహాలు మాత్రం నేను ఒప్పుకోలేదు. ఒకటి కారప్పొడి. పిల్లి పాదాలు నాక్కుంటుంది, అదే పాదంతో కళ్లు రుద్దుకుంటుంది. పైగా సాయంత్రం పిల్లలు అక్కడే ఆడుకుంటారు. రెండోది నాఫ్తలీన్ ఉండలు. మూడో అంతస్తాయన ఒక ప్యాకెట్ తెచ్చి ఇచ్చారు కూడా. వెటర్నరీ డాక్టరుగారిని ఫోన్లో అడిగితే, అవి పిల్లులకి విషం, ఆవిరి పీల్చినా ప్రమాదమేనన్నారు. నేల కడిగే ఫినాయిల్ కూడా అంతేనట, పాదాలకి అంటి కడుపులోకి పోతుంది. యూకలిప్టస్, నిమ్మ నూనెలు చల్లమని ఎవరైనా చెప్పినా వద్దన్నారు. పిల్లి కాలేయం వాటిని అరిగించుకోలేదు.

డిసెంబరు 18, బుధవారం. ఆ రోజు షిఫ్ట్ మారి పొద్దున్నే బయల్దేరాను, ఆరున్నర అయి ఉంటుంది. డోరు తీస్తుంటే సన్నగా మ్యావ్ అని వినబడింది. కారు కింద చూశాను, ఏమీ లేదు. మళ్లీ అరుపు, ఈసారి బానెట్ లోపల నుంచి. తాళం చెవి తిప్పకముందే వినబడింది, అదొక్కటే దేవుడి దయ. స్టార్ట్ చేసి ఉంటే ఫ్యాను, బెల్టు తిరిగేవి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

బానెట్ తీస్తే బ్యాటరీ వెనక, బాగా లోపల ఒక పిల్లికూన. నన్ను చూసి ఇంకా కిందికి, ఇంజిన్ అడుగున ఉండే ప్లాస్టిక్ షీల్డ్ మీదికి జారిపోయింది. అక్కడికి చెయ్యి పట్టదు. వాచ్‌మన్ అన్న కర్రతో కదుపుతానంటే వద్దన్నాను. జంతువుల రెస్క్యూ చేసే వాలంటీర్ నంబరు ఆఫీసు స్నేహితురాలు పంపింది. ఆ అమ్మాయి రావడానికి గంటన్నర పట్టింది. వస్తూనే చెప్పిన మొదటి మాట: "అక్కా, అందరూ దూరం జరగండి, ఎవరూ మాట్లాడొద్దు." ఎండు చేపలు కాస్త వేయించి చక్రం దగ్గర పెట్టించింది. ఇరవై నిమిషాలు చూశాం, రాలేదు. షీల్డ్‌కి, రేడియేటర్‌కి మధ్య కాలు ఇరుక్కుందని టార్చ్ వేస్తే కనబడింది. మెకానిక్ వచ్చి జాకీ వేసి, కింద షీల్డ్ బోల్టులు విప్పాడు, 400 తీసుకున్నాడు. పదిన్నరకి ఆ అమ్మాయి తువ్వాలుతో కూనని బయటికి తీసింది. రెండు నెలల పిల్ల, కాలు విరగలేదు, చర్మం మాత్రం చీరుకుంది. డాక్టరు దగ్గర కట్టు, ఇంజక్షన్ కలిపి 650. సగం రోజు సెలవు పెట్టాను. ఆ పూటంతా టెన్షన్‌తో అన్నం కూడా దిగలేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. బండి తియ్యబోయే ముందు బానెట్ మీద అరచేత్తో రెండు మూడు దెబ్బలు గట్టిగా కొట్టి, చక్రాల పైన ఖాళీల్లోకి వంగి చూసి, అర నిమిషం ఆగి స్టార్ట్ చేస్తాను. పిల్లులు తిరిగే చోట కారు పెట్టేవాళ్లు మిగతావేవీ పట్టించుకోకపోయినా ఇదొక్కటి చెయ్యండి.

29వ తేదీ ఆదివారం అసోసియేషన్ మీటింగ్. మాకంటే ముందే ఇంకో ముగ్గురి కార్ల మీదా గీతలున్నాయట. పిల్లుల్ని గోనెసంచుల్లో పట్టి నర్సాపూర్ అడవిలో వదిలేద్దామని ఒకాయన గట్టిగా పట్టుబట్టారు. పెద్దావిడ లేచి, "నోరులేని జీవాలు నాయనా, వాటిని తీసుకెళ్లి అక్కడ పారేస్తే నా మొహం చూడకండి" అని ఏడ్చేశారు. నా కారు వల్లే ఈ గొడవంతా అని ఆవిడ అనుకుంటున్నారేమోనని నాకు తల కొట్టేసినట్టయింది. లేచి, కూనని బయటికి తీసినప్పటి నుంచి నా మనసులో ఉన్నది చెప్పాను: నాకు పిల్లులు పోవాలని లేదు, కారు మీంచి దిగితే చాలు.

వాలంటీర్ అమ్మాయి పంపిన కాగితం చదివాను. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో, వీధి జంతువులకి తిండి పెట్టే చోటు చూపించాల్సిన బాధ్యత నివాసుల సంఘానిదే అని ఉంది. ఆ చోటు మెట్ల దగ్గర, పిల్లలు ఆడుకునే చోట, రాకపోకల దారిలో ఉండకూడదనీ ఉంది. జంతువుకి విషం పెట్టినా, చంపినా భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే మీటింగ్‌ని మార్చింది చట్టం కాదు. నాలుగో అంతస్తాయన తన పాత అపార్ట్‌మెంట్ సంగతి చెప్పారు. అక్కడ పిల్లులన్నిటినీ పట్టించి పంపేశాక పందికొక్కులు, ఎలుకలు చేరి ఆయన కారు వైరింగ్ కొరికాయి, 11,000 బిల్లు అయింది. దాంతో అడవి మాట ఎవరూ ఎత్తలేదు. తిండి చోటు మార్చడం, ఆపరేషన్లు చేయించడం, రెంటికీ ఒప్పుకున్నారు. ఫ్లాటుకి 300 చొప్పున వసూలు చేద్దామన్నారు. కొందరు ఇవ్వలేదు, మేం మిగతాది వేసుకున్నాం.

పెద్దావిడ దగ్గరికి మర్నాడు నేనే వెళ్లాను. "పిన్నిగారూ, చోటు మారుద్దాం, తిండి మానొద్దు" అంటే కాసేపు నా మొహంలోకి చూసి, కాఫీ పెట్టారు. గిన్నె ఒక్కసారిగా వెనక్కి మార్చితే పిల్లులు రావని, రోజూ కొంచెం కొంచెం జరపాలని వాలంటీర్ అమ్మాయి చెప్పింది. అలాగే మెట్ల కింద నుంచి వెనక జనరేటర్ పక్క సందు దాకా జరిపేసరికి రెండు వారాలు పట్టింది. వేళ కూడా మారింది. పదింటికి బదులు ఎనిమిదింటికి పెట్టి, అరగంటలో గిన్నెలు ఎత్తేసేవారు. పాలు మాన్పించాం. ఎదిగిన పిల్లులకి పాలు అరగక విరేచనాలు అవుతాయి, నా టైర్ల పక్కన కనబడే మురికికి అదే కారణం.

వెచ్చదనం సంగతి. మెడికల్ షాపులో ఇన్సులిన్ వచ్చే థర్మోకోల్ పెట్టెలు అడిగితే ఊరికే ఇచ్చారు. పక్కన పిల్లి పట్టేంత గుండ్రని రంధ్రం కోసి, మూత టేపుతో అతికించి, ఇటుకల మీద పెట్టి, రంధ్రం గోడవైపు తిప్పాం. లోపల పాత చీరలు వేద్దామనుకున్నాను గానీ, బట్ట తేమ పట్టి చల్లబడుతుందన్నారు. పాలు పోసే ఆయన ఒక మోపు ఎండుగడ్డి తెచ్చిచ్చారు. వారం పైగా ఒక్క పిల్లీ ఆ పెట్టెల వైపు చూడలేదు. పెట్టెల్లో ఒకదాన్ని గిన్నె పక్కకి జరిపాక, సంక్రాంతి ముందు రోజు పొద్దున మూడు రంగుల పిల్లి తన రెండో కూనతో సహా అందులోంచి బయటికి రావడం పెద్దావిడ చూసి, నాకు ఫోన్ చేసి మరీ నిద్రలేపారు. ఆ రోజు నాకు పండగ ముందే వచ్చినట్టయింది.

కారు వైపు చేసినవి చిన్న పనులే. అంతకుముందు ముక్కు గోడ వైపు పెట్టేదాన్ని. ఇప్పుడు రివర్స్‌లో పెడుతున్నాను. బానెట్ దారి వైపు ఉంటుంది, గాలి తగిలి తొందరగా చల్లారుతుంది, లైటు పడుతుంది, వాచ్‌మన్ అన్న కుర్చీకి ఎదురుగా ఉంటుంది. పూలకుండీల్లో పిల్లులు తవ్వకుండా వేసే మొనదేలని ప్లాస్టిక్ ముళ్ల మ్యాట్లు ఉంటాయి, అవి ఆరు 780కి వచ్చాయి. బానెట్ మీద పాత దుప్పటి రెండు మడతలు పరిచి, దానిపైన ఈ మ్యాట్లు. ముళ్లు గుచ్చుకోవు, నిలబడటానికి మాత్రం చిరాగ్గా ఉంటుంది. పరచడానికి నిమిషం చాలు. కెమెరాలో చూస్తే మూడు రంగులది ముందు కాళ్లు పెట్టి, వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. డబ్బు పెట్టి కొన్నవాటిలో నిజంగా పనిచేసింది ఇదే.

గండుపిల్లి మూత్రం మాత్రం ఫిబ్రవరి దాకా వదల్లేదు. చక్రాల మీద కొడితే కడగొచ్చు, ఒకసారి వైపర్ల కింద జాలీ మీద కొట్టింది, ఏసీ వెయ్యగానే లోపలంతా కంపు. ఎంజైమ్ క్లీనర్ అని 450కి దొరికింది, అది పోసి పది నిమిషాలు ఉంచి కడిగితేనే ఆ వాసన పూర్తిగా పోయింది. వాసన కాస్త మిగిలినా మళ్లీ అక్కడే కొడుతుంది.

ఆపరేషన్లకి సంక్షేమ సంస్థ క్లినిక్‌లో మూడు వారాలు వెయిటింగ్. మూడు రంగులది ఇంకా పాలిస్తోంది కాబట్టి కూనలు పాలు పూర్తిగా మానేదాకా ఆగమన్నారు. పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు, కాబట్టి మరీ ఆలస్యం చెయ్యొద్దని కూడా చెప్పారు. ఆడదానికి 2,500, గండుపిల్లికి 1,500, రేబిస్ టీకా విడిగా 300. బోను వాళ్లే అరువిచ్చారు, 1,000 డిపాజిట్. ముందు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. ఆ రాత్రి పెద్దావిడ నిద్రపోలేదు, అవి గిన్నె చుట్టూ తిరిగి అరుస్తుంటే చూడలేకపోయారు. జనవరి 27న గండుపిల్లి బోనులో పడింది, మూడు రంగులది ఫిబ్రవరి 5న. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు, మళ్లీ పట్టకుండా. ఆడదాన్ని కుట్లు మానేదాకా వారం రోజులు మా బాల్కనీలో బోనులోనే ఉంచాం. మొదటి రోజు నన్ను చూసి గుర్రుమంది. నాలుగో రోజుకి నా చేతి నుంచి చేప ముక్క తీసుకుంది. గీతలు చూసి ఏడ్చిన నేనే, ఆ పిల్లిని కిందికి వదిలేటప్పుడు కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

గండుపిల్లికి ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి నెల దాకా పడుతుందన్నారు, అలాగే పట్టింది. ఫిబ్రవరి ఆఖరుకి మూత్రం కొట్టడం, రాత్రి కొట్లాటలు రెండూ తగ్గాయి. పదిహేను రోజులు కొత్త గీత ఒక్కటీ పడలేదని చూసుకున్నాకే, మార్చి మొదటి వారంలో బానెట్ పెయింట్ చేయించాం. అదే షెడ్డు, 4,500, రెండు రోజులు. రంగు కలిసింది. కొత్త పెయింట్ ఆరి గట్టిపడేదాకా మ్యాట్లే కాదు, దుప్పటి కూడా వెయ్యొద్దన్నాడు, ఒక నెల. అందుకే ఎండాకాలం మొదలయ్యేటప్పుడు చేయించడం మంచిదైంది, ఇప్పుడు పిల్లులే వేడి బానెట్ జోలికి రావడం లేదు.

కాలికి దెబ్బ తగిలిన కూనని వాచ్‌మన్ అన్న కూతురు పెంచుకుంటోంది. నలుపు తెలుపుది ఇంకా బోనులో పడలేదు. అది కూడా ఆడదే, దానికీ క్లినిక్‌లో తేదీ తీసుకున్నాం. మే నెలలో పెద్దావిడ కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తున్నారు, ఆరు నెలలు ఉండరు. ఆ ఆరు నెలలు రాత్రి ఎనిమిదింటికి గిన్నెలు ఎవరు పెట్టాలో జాబితా రాశాం. నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి సోమ, గురువారాలు అత్తయ్య చూసుకుంటానన్నారు, ఆదివారాలు నావి. బుధవారం ఇంకా ఎవరూ తీసుకోలేదు, అడుగుతున్నాం.